చార్లీ పార్కర్ నాకు ఎందుకు ఎక్కట్లేదు? ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు
నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాను. అమెరికన్ జాజ్ సంగీతంలో ఆల్టో సాక్సాఫోన్ అంటే చార్లీ పార్కరే అని మా ఆఫీసులో ఒకాయన పట్టుబట్టి 'కోకో' అనే ట్రాక్ పంపాడు. 1945 నాటి రికార్డు, మూడు నిమిషాలు కూడా ఉండదు. కనీసం పదిసార్లు విన్నాను. అందులో ఒక్క ముక్క కూనిరాగం తీయమంటే తీయలేను. స్టీలు పళ్ళెంలో సగ్గుబియ్యం గుమ్మరించినట్టు వినిపిస్తోంది.

సంగీతం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఏడేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను, వర్ణాలు దాటి కృతుల దాకా వచ్చాను. మరి ఇంత పేరున్న మనిషి నా చెవికి ఎందుకు అందట్లేదు? పైగా ఆయన గురించి ఎక్కడ చదివినా ముందు హెరాయిన్ కథ, ఆ తర్వాతే సంగీతం. అది చూస్తే ఇంకా చిరాకు. తెలిసినవాళ్లు దారి చూపించండి.

రాత్రిరాగం
ఆ ఆఫీసాయన మంచివాడే గానీ తొందరపడ్డాడు. కోకోతో మొదలుపెట్టించడం అంటే ఈత రానివాళ్లని వరద గోదావరిలో దింపడమే. ముందు 'జస్ట్ ఫ్రెండ్స్' వినండి. 1949 నవంబర్ 30న వయొలిన్లు, వయోలా, చెల్లో, హార్ప్, ఓబో పక్కన పెట్టుకుని చేసిన రికార్డు. ఆయన బతికుండగా బాగా అమ్ముడుపోయింది ఇలాంటి పాటలే. వేగం తక్కువ, పాట తెలుస్తుంది, ఆయన ఎక్కడ పాట వదిలి పైకి లేచాడో, ఎక్కడ మళ్లీ వచ్చి వాలాడో స్పష్టంగా వినిపిస్తుంది.

పాతరికార్డు
ఒప్పుకోను. ఆ వయొలిన్ల రికార్డుల్లో పంచదార ఎక్కువ. పార్కర్ ఒక్కడే బంగారం, వెనకాల అరేంజ్‌మెంట్ హోటల్ లాబీలో వేసే పాటలా ఉంటుంది. బ్లూస్‌తో మొదలుపెట్టాలి. ఆ మనిషి ఊరు కాన్సస్ సిటీ, ఆ ఊరి అన్నం బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాట.

రాత్రిరాగం
పాతరికార్డు గారూ, ఆ రికార్డులు ఎవరో బలవంతంగా చేయించినవి కావు. వయొలిన్లతో వాయించాలని ఆయనకే కోరిక. స్ట్రావిన్‌స్కీ అంటే ప్రాణం, వరేజ్ దగ్గర (ఇద్దరూ ఆ కాలపు పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్తలు) పాఠం చెప్పించుకోవాలని ఆశపడ్డాడు. మనకి పంచదార అనిపించింది ఆయనకి గౌరవంగా అనిపించి ఉండొచ్చు. నైట్‌క్లబ్బు పొగలో బతికిన ఒక నల్లజాతి కళాకారుడు ఓబో పక్కన నిలబడి వాయించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఫిడేలు_సూరి
గోదారిగట్టు గారూ, మీరు వయొలిన్ నేర్చుకున్నారన్నారు కాబట్టి మీ లెక్కలోనే చెప్తాను. 'నౌ ఈజ్ ద టైమ్' పెట్టుకోండి. కోకో రికార్డు చేసిన రోజే, అంటే 1945 నవంబర్ 26న, న్యూయార్క్‌లో సవాయ్ కంపెనీకి చేసింది. ఇది పన్నెండు బార్ల బ్లూస్. బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం 48. అంటే ఆదితాళం ఆరు ఆవర్తనాలు. చేత్తో తాళం వేస్తూ వినండి. ఆరు ఆవర్తనాలకి ఒకసారి కథ మళ్లీ మొదటికొస్తుంది. మొదట చిన్న పల్లవి లాంటి ముక్క ఉంటుంది, మీరు రెండోసారికే పాడేస్తారు. తర్వాత పార్కర్ అదే 48 దెబ్బల మీద కొత్తగా అల్లుతూ పోతాడు.

తేడా ఎక్కడంటే, మనకి తంబూరా ఒకే చోట నిలబడి ఉంటుంది. సా కదలదు. జాజ్‌లో కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులు) మారుతుంటాయి, అంటే కాళ్ల కింద నేల కదులుతూ ఉంటుంది. నిన్న మన్నించిన స్వరం ఈరోజు అపస్వరం అన్నట్టు, రెండు బార్ల కిందట హాయిగా ఉన్న స్వరమే ఇప్పుడు గుచ్చుకుంటుంది. ఆ కదిలే నేల మీద తడబడకుండా నడవడమే అక్కడి మనోధర్మం. మీ చెవి ఇంకా కదలని సా కోసం వెతుకుతోంది, అందుకే సగ్గుబియ్యం.

గోదారిగట్టు
సూరి గారూ, ఇన్నాళ్లూ ఎవరూ ఈ మాట చెప్పలేదు. నిజంగానే నేను సా కోసం వెతుకుతున్నాను. ఈ రాత్రి తాళం వేసి చూస్తాను.

బ్యాండుమేళం_రాజా
ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. మాది ఏలూరు దగ్గర. తాత సన్నాయి, నాన్న క్లారినెట్, నేను ఆల్టో సాక్సాఫోన్. పెళ్లిళ్లు, ఊరేగింపులు, జాతరలు. ఊళ్లో మమ్మల్ని బ్యాండోళ్లు అంటారు, జాజ్ అనే మాట నేను ఇంటర్నెట్‌లోనే విన్నాను.

పార్కర్‌ని నేను చెవితో కంటే ముందు వేళ్లతో తెలుసుకున్నాను. ఆయన సోలోలు నొటేషన్ రాసిన ఆమ్నీబుక్ అని ఒక పుస్తకం ఉంది, సాక్సాఫోన్ నేర్చుకునేవాళ్లకి అది పెద్దబాలశిక్ష. నొటేషన్ చదవడం మా పాత బ్యాండు మాస్టారు నేర్పారు. మొదటి నెల కోకోలో ఎనిమిది బార్లు సగం వేగంలో కూడా రాలేదు. కానీ నిదానంగా వాయిస్తే ఏం తెలిసిందో చెప్తాను. అది సగ్గుబియ్యం కాదు అక్కా, పాట. ప్రతి ముక్కా పాడుకోవచ్చు. మనం వినే వేగానికి ఆ పాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, అంతే. వేగం సగానికి తగ్గించి వినే సదుపాయం ఫోన్‌లో ఉంటుంది, సిగ్గుపడకుండా వాడండి.

ఇంకో మాట. ఆయన నాదం గట్టిగా, సూటిగా ఉంటుంది. అంతకుముందు ఆల్టో అంటే జానీ హాడ్జెస్, బెన్నీ కార్టర్, తేనె పూసినట్టు వణికించేవాళ్లు. పార్కర్ ఆ వణుకు బాగా తగ్గించేశాడు. అంత వేగంలో వణికిస్తే ముక్క ముక్కకీ అంచు పోతుంది. ఊరేగింపులో వాయించేవాడిగా నాకు అది వెంటనే అర్థమైంది, డప్పుల మధ్యలో తేనె వినపడదు.

ఫిడేలు_సూరి
రాజా, ఈ చివరి మాట నేను పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. చాలా విలువైంది.

కాన్సస్_కోడలు
మేం ఉండేది ఓవర్లాండ్ పార్క్‌లో, కాన్సస్ సిటీ పక్కనే. పార్కర్ పుట్టింది 1920 ఆగస్టు 29న, రాష్ట్ర సరిహద్దుకి ఇటువైపు కాన్సస్‌లో. పెరిగింది అటువైపు మిస్సౌరీలో. ఊరి పేరు ఒకటే, రాష్ట్రాలు రెండు, కొత్తగా వచ్చినప్పుడు నాకూ గందరగోళమే.

ఆయన సమాధి లింకన్ సిమెటరీలో ఉంది. కిందటి వేసవిలో మా మామగారిని తీసుకెళ్లాను. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు, సాక్సాఫోన్ అంటే ఏమిటో ఫొటోలో చూపించి తీసుకెళ్లాను. పక్కనే వాళ్లమ్మ ఆడీ సమాధి. రాయి మీద సాక్సాఫోన్ చెక్కి ఉంది. మామగారు ఫోన్‌లో ఫొటో పక్కన పెట్టి చూసి, 'అమ్మాయ్, ఈ మెడ వంపు వేరుగా ఉందే' అన్నారు. నిజమే! అది టెనర్ సాక్సాఫోన్. జీవితమంతా ఆల్టో వాయించిన మనిషి సమాధి మీద టెనర్ చెక్కారు. ఎవరో ఒక వాడిన రీడ్, అదే సాక్సాఫోన్ మూతిలో పెట్టే పల్చటి పుల్ల, రాయి మీద పెట్టి వెళ్లారు, దాన్ని మేం ముట్టుకోలేదు.

తనని కాన్సస్ సిటీలో పాతిపెట్టొద్దని భార్య చాన్‌తో చెప్పాడట. అయినా అక్కడే పెట్టారు. ఆ సంగతి తెలిశాక రాయి మీద తప్పు కంటే అదే ఎక్కువ బాధగా అనిపించింది.

బ్యాండుమేళం_రాజా
మీ మామగారికి నా దండం. మా బ్యాండు యూనిఫాం కుట్టే టైలర్‌కి ఇప్పటికీ క్లారినెట్‌కీ సన్నాయికీ తేడా తెలియదు.

పాతరికార్డు
ఆ అమ్మ గురించి రెండు మాటలు. తండ్రి ఇంట్లో ఉండేవాడు కాదు. ఆడీ రాత్రిళ్లు వెస్టర్న్ యూనియన్ ఆఫీసు ఊడ్చి తుడిచే పనికి వెళ్లేది. ఆమె పనికి వెళ్లగానే కుర్రాడు క్లబ్బుల వెనక సందుల్లో నిలబడి టెనర్ సాక్సాఫోన్ కళాకారుడు లెస్టర్ యంగ్ వాయించేది వినేవాడు. పెండర్‌గాస్ట్ అనే రాజకీయ నాయకుడి చేతిలో ఊరు ఉన్న రోజులు, మద్యనిషేధంలో కూడా తలుపులు మూయని ఊరు, తెల్లారేదాకా సంగీతం. అలాంటి బడి దేశంలో ఇంకోటి లేదు.

1936లో రీనో క్లబ్బులో పదిహేనేళ్ల ఈ కుర్రాడు పెద్దల మధ్య వాయించడానికి ఎక్కాడు. కౌంట్ బేసీ బ్యాండు డ్రమ్మర్ జో జోన్స్ ఉన్నాడు. మధ్యలో కుర్రాడు దారి తప్పాడు. జోన్స్ ఒక తాళపు పళ్ళెం తీసి ఆయన కాళ్ల దగ్గర విసిరాడు. క్లబ్బంతా నవ్వింది. ఆ తర్వాతి వేసవిలో ఓజార్క్ కొండల్లో ఒక రిసార్ట్‌లో పనికి కుదిరి, లెస్టర్ యంగ్ రికార్డులు పట్టుకెళ్లి సోలోలన్నీ నోటికి పట్టేసి వచ్చాడు.

ఫిడేలు_సూరి
1954లో రేడియోలో పాల్ డెస్మండ్, ఆయనా ఆల్టో కళాకారుడే, ఇంత టెక్నిక్ ఎక్కడ నుంచి వచ్చిందని అడిగితే పార్కర్ చెప్పింది ఇదే. మూడు నాలుగేళ్లు రోజుకి 11 నుంచి 15 గంటలు సాధన చేశానని, ఇరుగుపొరుగువాళ్లు తన తల్లిని ఇల్లు ఖాళీ చేయమనే దాకా వచ్చారని. కథలు చెప్పేవాళ్లు జోన్స్ విసిరిన పళ్ళెం దగ్గర ఆగిపోతారు. అసలు కథ ఆ 15 గంటలు.

మందులచీటీ
హెరాయిన్ సంగతి గోదారిగట్టు గారు ఎత్తారు కాబట్టి నేను మాట్లాడతాను. ఫార్మసీలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను.

1936 చివర్లో ఓజార్క్స్‌కి కచేరీకి వెళ్తుంటే ఆయన ఉన్న కారు బోల్తా పడింది. పక్కటెముకలు విరిగాయి, వెన్నుకి దెబ్బ. నొప్పికి మార్ఫిన్ ఇచ్చారు. పదహారేళ్ల పిల్లాడు. అక్కడి నుంచి హెరాయిన్ దాకా దారి చాలా చిన్నది. దాన్ని కళాకారుడి విలాసం అని రాసేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

మా చిన్నాన్న కొడుకు బైకు ప్రమాదం తర్వాత నొప్పి మాత్రలకి అలవాటు పడ్డాడు. బంగారం లాంటి కుర్రాడు, నాలుగేళ్లు ఇల్లు నరకమైంది. ఇప్పుడు బాగున్నాడు, పెళ్లి కూడా అయింది. కానీ ఆ నాలుగేళ్లలో వాడు ఏ పనీ బాగా చేయలేదు, ఒక్కటి కూడా. మత్తు ఎవరికీ ఏమీ ఇవ్వదు.

రాత్రిరాగం
పార్కర్ కూడా ఇదే అన్నాడు. మత్తులో ఉంటే బాగా వాయిస్తానని చెప్పే వాద్యగాడు పచ్చి అబద్ధాలకోరు అని పత్రికవాళ్లకి చెప్పాడు. కానీ కుర్రకారు ఆయన మాట వినలేదు, ఆయన్ని చూశారు. రెడ్ రాడ్నీ లాంటి మంచి కళాకారులు, పార్కర్ ముద్దుపేరు బర్డ్ కదా, బర్డ్‌లా వాయించాలంటే బర్డ్‌లా బతకాలనుకుని ఆ గోతిలో పడ్డారు.

పాతరికార్డు
'మూజ్ ద మూచ్' అని ఎంత అందమైన పాట. అది ఆయనకి హెరాయిన్ తెచ్చిచ్చేవాడి పేరు. డయల్ రికార్డు కంపెనీ నుంచి వచ్చే రాయల్టీలో సగం వాడికి రాసిచ్చేశాడు. ఇది తెలిశాక ఆ పాట విన్నప్పుడల్లా గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

మందులచీటీ
'లవర్ మ్యాన్' రికార్డు మీద మీ అభిప్రాయం ఏమిటి? 1946 జులై 29, లాస్ ఏంజెలెస్. నిలబడలేని స్థితిలో ఉన్న మనిషిని మైకు ముందు పెట్టి వాయించమన్నారు. మొదట్లోనే ఎత్తుగడ తప్పిపోయింది. ఆ రాత్రే హోటల్ గదిలో మంట, అరెస్టు, తర్వాత ఆరు నెలలు కామరిల్లో మానసిక ఆస్పత్రి. అలాంటి రికార్డు బయటికి తేవడం నేరం అంటాను. పార్కర్‌కి కూడా చచ్చేంత కోపం వచ్చింది దాని మీద.

పాతరికార్డు
విడుదల చేయడం తప్పే. కానీ ఒకసారి విన్నాక వదల్లేం. ప్రతి స్వరం గోడ పట్టుకుని నడుస్తున్నట్టుంటుంది.

మందులచీటీ
సరిగ్గా అందుకే వినకూడదు అంటున్నాను. జబ్బు మనిషి గోడ పట్టుకుని నడుస్తుంటే మనం టికెట్టు కొనుక్కుని చూస్తామా?

కాన్సస్_కోడలు
మందులచీటీ అన్నతో ఏకీభవిస్తాను. నేను అది మళ్లీ పెట్టలేదు. దాని బదులు ఆస్పత్రి నుంచి బయటికొచ్చాక 1947 ఫిబ్రవరిలో చేసిన 'రిలాక్సిన్ ఎట్ కామరిల్లో' వింటాను. అదీ బ్లూసే, కానీ పల్లవి ఎలా వంకర్లు తిరుగుతుందో! కడుపు నిండా తిని నిద్రపోయి లేచిన మనిషి వాయించిన పాట.

చిరుగాలి
'బర్డ్' అన్న పేరు ఎందుకొచ్చింది? పక్షిలా స్వేచ్ఛగా వాయిస్తాడనా?

పాతరికార్డు
కోడి వల్ల తమ్ముడూ! జే మెక్‌షాన్ బ్యాండుతో కారులో వెళ్తుంటే కారు కింద కోడి పడిందట. యార్డ్‌బర్డ్ అంటే పెరటికోడి. కారు వెనక్కి తిప్పించి, దిగి, ఆ కోడిని తెచ్చి, బస చేసిన చోట వండించుకుని తిన్నాడని మెక్‌షాన్ చెప్పేవాడు. యార్డ్‌బర్డ్ కాస్తా బర్డ్ అయింది. ఆ పేరుతోనే 1949లో న్యూయార్క్‌లో బర్డ్‌లాండ్ అనే క్లబ్బు తెరిచారు.

బ్యాండుమేళం_రాజా
నాటుకోడిని వదలని మనిషి. మా మేళంలో వెంటనే చేర్చుకుంటాం.

చిరుగాలి
న్యూయార్క్‌లో ఒక చికెన్ హోటల్లో గిన్నెలు కడిగాడని కూడా ఎక్కడో విన్నాను.

ఫిడేలు_సూరి
అది నిజం. 1939లో, హార్లెంలో జిమ్మీస్ చికెన్ షాక్. అక్కడ పియానో వాయించేది ఆర్ట్ టేటమ్. జీతం గిన్నెలకి, చదువు టేటమ్ దగ్గర. ఆ ఏడాది డిసెంబర్‌లోనే బిడ్డీ ఫ్లీట్ అనే గిటారిస్టుతో 'చెరోకీ' పాట మీద సాధన చేస్తుంటే దారి దొరికింది. కార్డులో పై స్వరాలని, అంటే తొమ్మిదో, పదకొండో, పదమూడో స్వరాన్ని రాగం లాగా పట్టుకుని, కింద కార్డుని దానికి తగ్గట్టు మార్చుకుంటే మనసులో వినిపించేది వాయించొచ్చని తెలిసింది. కోకో అంటే ఆ చెరోకీ కార్డులే. పాట ఉన్నదున్నట్టు వాయిస్తే రాసినవాడికి రాయల్టీ కట్టాలి. కార్డుల మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. అందుకే పార్కర్ వాళ్లు తెచ్చిన కొత్త జాజ్ ధోరణి బీబాప్‌లో సగం పాటలు పాత ఇంటి పునాది మీద కట్టిన కొత్త ఇళ్లు. 'ఆర్నిథాలజీ' కూడా అంతే, 'హౌ హై ద మూన్' పునాది.

రాత్రిరాగం
అదే పార్కర్‌కి ఎదురు తగిలింది కూడా. నౌ ఈజ్ ద టైమ్ పల్లవితోనే 1949లో 'హకిల్‌బక్' అని ఇంకొకరి పేరు మీద పాటొచ్చింది. దేశమంతా డాన్సులు.

చిరుగాలి
మన కద్రి గోపాల్‌నాథ్ గారిది కూడా ఆల్టోనే కదా? ఆయనకీ పార్కర్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

ఫిడేలు_సూరి
నేరుగా లేదు. ఆయన నాదస్వర విద్వాంసుడి కొడుకు, మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సాఫోన్ విని మనసు పారేసుకున్నారు. గమకం పలికించడానికి ఏళ్ల తరబడి తపస్సు చేశారు. 2019లో పోయారు. కానీ రుద్రేశ్ మహంతప్ప అని ఒకాయన ఉన్నారు, కన్నడ మూలాలు, అమెరికాలో పెరిగారు. ఆల్టోలో పార్కర్ దారి. వాళ్లన్నయ్య సరదాకి కద్రి గారి రికార్డు బహుమతిగా ఇస్తే ఆశ్చర్యపోయి, చివరికి 2008లో ఇద్దరూ కలిసి 'కిన్స్‌మెన్' చేశారు. 2015లో అదే రుద్రేశ్ పార్కర్‌కి మొక్కుగా 'బర్డ్ కాల్స్' చేశారు. రెండు నదులూ ఆయన దగ్గర కలిశాయి.

బ్యాండుమేళం_రాజా
కద్రి గారి కచేరీ మా నాన్న సైకిల్ మీద వెళ్లి విన్నారు. తిరిగొచ్చి మూడు రోజులు క్లారినెట్ పెట్టె తెరవలేదు. నాలుగోరోజు నా చేతికి సాక్సాఫోన్ కొనిచ్చారు.

కాన్సస్_కోడలు
పార్కర్ తెల్ల ప్లాస్టిక్ సాక్సాఫోన్ ఇక్కడి జాజ్ మ్యూజియంలో ఉంది, గ్రాఫ్టన్ అని బ్రిటిష్ తయారీ. దూరం నుంచి బొమ్మలా ఉంటుంది. 1953 మే 15న టొరంటోలో మాసీ హాల్ కచేరీ దాంతోనే వాయించాడు. డిజీ గిలెస్పీ, బడ్ పావెల్, మింగస్, మాక్స్ రోచ్, పార్కర్‌తో కలిపి ఐదుగురు జాజ్ దిగ్గజాలూ ఒకే వేదిక మీద. ఆ రాత్రే మార్సియానో, వాల్కాట్ బాక్సింగ్ పోటీ ఉండడంతో హాలు సగం ఖాళీ.

మందులచీటీ
ఆ తర్వాతి ఏడాదే కూతురు ప్రీ పోయింది. రెండేళ్ల పిల్ల. అక్కడి నుంచి ఆయన తేరుకోలేదు. 1955 మార్చి 12న ఒక స్నేహితురాలి హోటల్ గదిలో టీవీ చూస్తూ పోయాడు. శవాన్ని చూసిన డాక్టరు వయసు 50, 60 మధ్య అని అంచనా వేశాడు. 34 ఏళ్లు.

పాతరికార్డు
34.

గోదారిగట్టు
మూడు రాత్రుల తర్వాత వస్తున్నాను. అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు.

ముందు నౌ ఈజ్ ద టైమ్ తాళం వేసుకుంటూ విన్నాను. రెండో రౌండులోనే సమం అందింది. జస్ట్ ఫ్రెండ్స్ కూడా విన్నాను, రాత్రిరాగం గారూ, నాకు వయొలిన్లు అడ్డం అనిపించలేదు, నేను వయొలిన్ మనిషిని కదా. లవర్ మ్యాన్ వినలేదు, వినను.

నిన్న రాత్రి రాజా చెప్పినట్టు కోకోని సగం వేగంలో పెట్టాను. 64 బార్లు ఒక చుట్టు, పార్కర్ రెండు చుట్లు వాయిస్తాడు. రెండో చుట్టు మొదట్లో ఉన్నట్టుండి ఒక పాత మార్చింగ్ బ్యాండు ముక్క తొంగి చూసి మాయమైంది! వెనక్కి జరిపి జరిపి విన్నాను. అది ఏమిటి?

పాతరికార్డు
పట్టేశారు! అది 'హై సొసైటీ'లో క్లారినెట్ ముక్క. న్యూ ఓర్లియన్స్ ఊరేగింపు బ్యాండుల పాట, అక్కడ ప్రతి క్లారినెట్ కళాకారుడికీ నోటికొచ్చి ఉండాల్సింది. పార్కర్ దాన్ని అంత వేగంలో తెచ్చి చెరోకీ కార్డుల మీద కూర్చోబెట్టాడు.

బ్యాండుమేళం_రాజా
ఊరేగింపు బ్యాండా! అక్కా, ఇన్నేళ్లు ఆ ముక్క వాయిస్తున్నాను, అది మావాళ్లదని తెలియదు. వచ్చే వారం భీమడోలులో పెళ్లి ఉంది. ఎదురుసన్నాహం అయ్యాక నౌ ఈజ్ ద టైమ్ పల్లవి వాయిద్దామని మావాళ్లతో అనుకున్నాం. డ్రమ్ము కుర్రాడికి నచ్చింది. కోకో ఇంకా కుదరదు.

గోదారిగట్టు
రికార్డు చేసి ఇక్కడ పెట్టు తమ్ముడూ.

బ్యాండుమేళం_రాజా
పెడతాను అక్కా. వాన రాకపోతే.